రెండు రాళ్లు: నాగరాజ్ మంజులే సినిమాల్లో చూపు ఎవరిది?

శ్యామ్ బెనగళ్ 'అంకుర్' 1974లో వచ్చింది. కథ తెలంగాణ పల్లెది, మాటలు దక్కనీవి. దొర కొడుకు మూగవాడైన కిష్టయ్యను చావబాదుతాడు. కిష్టయ్య భార్య లక్ష్మి దొర ఇంటి ముందు నిలబడి తిట్టి పోస్తుంది. అంతా అయింతర్వాత ఒక చిన్న పిల్లగాడు రాయి తీసి దొర ఇంటి అద్దం మీదికి విసిరి ఉరుకుతాడు. తెర ఎర్రబడుతుంది. సినిమా అయిపోతుంది.

ముప్పై తొమ్మిదేళ్లకు, 2013లో, మరాఠీలో 'ఫాండ్రీ' తయారైంది. దాని చివర్లో కూడా ఒక పిల్లగాడు రాయి విసురుతాడు. పేరు జాబ్యా. పందులు పట్టే ఇంటివాడు. తనను, తన అక్కను గేలి చేస్తున్నవాళ్ల మీద వరసగా రాళ్లు రువ్వి, చివరి రాయి తిన్నగా కెమెరా మీదికి విసురుతాడు. తెర నల్లబడుతుంది.

ఈ రెండు రాళ్ల మధ్య తేడా ఏమిటి? మొదటి రాయి దొర కిటికీకి తగిలింది. హాల్లో కూర్చున్న మనం క్షేమంగానే ఉన్నాం. పైగా పిల్లగాడి పక్షాన ఉన్నామన్న తృప్తి కూడా దక్కింది. రెండో రాయి చూస్తున్నవాడికే తగిలింది. ఇంతసేపూ ఆ కుటుంబం పందుల వెంట పడుతుంటే చూసి నవ్విన ఊరివాళ్లూ, టికెట్టు కొనుక్కుని అదే చూసిన మనమూ ఒకే వరసలో కూర్చున్నామని ఆ రాయి చెప్తుంది. 'అంకుర్'లో రాయి విసిరిన పిల్లగాడి ఇల్లు ఎక్కడో, వాడు రాత్రి ఏం తిన్నాడో మనకు తెలియదు. 'ఫాండ్రీ' ఆ పిల్లగాడి ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి బయటికి చూసిన సినిమా.

నాగరాజ్ మంజులే గురించి రాయాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన్ని చాలామంది 'కులం మీద సినిమాలు తీసే దర్శకుడు' అంటారు. ఆ మాట అబద్ధం కాదు గానీ సగం మాట. కులం మీద సినిమాలు తీసినవాళ్లు ఆయనకు ముందు చాలామందే ఉన్నారు. ఆయన చేసిన కొత్త పని ఏమంటే, కులాన్ని ఉపన్యాసంలో కాకుండా చూపులో పట్టుకోవడం. ఎవడు ఎవణ్ణి ఎంత దూరం నుంచి చూస్తున్నాడు, ఎవడు కూర్చుని చూస్తున్నాడు, ఎవడు చూడబడుతున్నాడు అనేదే ఆయన సినిమాల్లో అసలు కథ. దృశ్యమే ఆయన వాదన. కాబట్టి ఈ వ్యాసంలో సంభాషణల కన్నా దృశ్యాల గురించే ఎక్కువ మాట్లాడతాను.

రాళ్లు కొట్టే ఇంటి నుంచి

మంజులేది షోలాపూర్ జిల్లా కర్మాళా తాలూకా జేవూర్. పుట్టింది వడార్ కులంలో. మన దగ్గర వడ్డెరలు అంటాం. రాయి కొట్టడం, మట్టి తవ్వడం, బావులు తవ్వడం వాళ్ల పని. మహారాష్ట్ర వడార్ల ఇళ్లల్లో తెలుగు కలిసిన మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అంటే ఈయన మనకు మరీ దూరపు చుట్టం ఏమీ కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వడ్డెరలు దళితులేనా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాళ్లు బి.సి. ఎ గ్రూపు. మహారాష్ట్రలో విముక్త, సంచార జాతుల జాబితా. కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డు కులం. రాయి ఒకటే, సుత్తె ఒకటే, కాగితం మాత్రం రాష్ట్రానికొకటి. 'ఫాండ్రీ'లో జాబ్యాది కైకాడి కులం. మన ఎరుకలకు దగ్గరివాళ్లు. బుట్టలల్లడం, పందుల పెంపకం వాళ్ల పనులు. వాళ్లు విదర్భలో ఎస్.సి.లు, మిగిలిన మహారాష్ట్రలో విముక్త జాతి. మన ఎరుకలు ఎస్.టి.లు. ఏ జాబితాలో ఉన్నా అవమానం మాత్రం ఒక్కటే. మంజులే తనను అంబేద్కర్, ఫూలే దారిలో చూసుకుంటాడు, తన పాత్రల్ని ఆ దారిలోనే నిలబెడతాడు. దళితుడు అన్న మాటకు పాంథర్లు 1970ల్లో ఇచ్చిన విశాలమైన అర్థాన్ని ఈ సినిమాలు జాబితాల కన్నా బాగా గుర్తుపెట్టుకున్నాయి. 'ఎవరు అసలు దళితులు' అని మనలో మనం కొట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోవడం మంచిది.

'ఫాండ్రీ' అన్న పేరు చూడండి. కైకాడి భాషలో పంది అని అర్థం. మరాఠీ ప్రేక్షకులకు ఆ పేరు అర్థం కాలేదు, విడమరిచి చెప్పాల్సి వచ్చింది. తెలుగువాళ్లకు, తమిళులకు అంత అక్కర్లేదు. మన 'పంది'కి, తమిళుల 'పన్ఱి'కి అది తోబుట్టువు. ఒక మరాఠీ సినిమాకు మరాఠీకి బయటి మాటను, అదీ ఊళ్లో తిట్టుగా వాడే మాటను పేరుగా పెట్టడమే మొదటి ధిక్కారం.

ఆయన ముందు కవి. 'ఉన్హాచ్యా కటావిరుద్ధ్' ఆయన కవితా సంపుటి. అహ్మద్‌నగర్‌లో ప్రసార మాధ్యమాల చదువు చదువుతూ సినిమాలోకి వచ్చాడు. బడికి వెళ్లాలని ఆశపడే పిల్లవాడి మీద తీసిన చిన్న చిత్రం 'పిస్తుల్యా'కు జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాత 'ఫాండ్రీ' (2013), 'సైరాట్' (2016), చిన్న చిత్రం 'పావ్‌సాచా నిబంధ్' (2017), హిందీలో 'ఝుండ్' (2022). కరోనా కాలపు కాటికాపరి మీద తీసిన 'వైకుంఠ్' కూడా 2022లోనే వచ్చింది. లెక్కకు తక్కువే. అయితే ఒక్కోదానిలో ఒక్కో రకంగా చూపును తిరగేశాడు.

దూరమే కులం

'ఫాండ్రీ'లో జాబ్యా అదే బడిలో చదివే శాలు అనే పై కులం అమ్మాయిని ఇష్టపడతాడు. సినిమా అంతా వాడు ఆమెతో ఒక్క మాట సరిగా మాట్లాడడు. చూస్తూ ఉంటాడు. తరగతి గదిలో వెనక నుంచి, సంతలో జనం మధ్య నుంచి, గోడ పక్క నుంచి. వాడి చూపుకీ ఆమెకీ మధ్య ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డం ఉంటారు. ప్రేమ కథల్లో దూరం విరహం. ఇక్కడ దూరం కులం. అది తగ్గించడానికి వాడు చేసే పనులన్నీ చూడండి. ముఖానికి పౌడరు, సూది ముక్కు రావడానికి ముక్కుకు క్లిప్పు, ఒక జీన్స్ ప్యాంటు మీద ఆశ. దేశానికి ఏది అందమో చెప్పింది ఎవరు, ఆ చెప్పింది ఒక నల్ల పిల్లగాడి ముక్కు దాకా ఎట్లా వచ్చింది అనేది ఈ క్లిప్పులో ఉంది. దీని మీద పేజీలకు పేజీలు రాయొచ్చు. మంజులే ఒక్క మాట అనకుండా క్లిప్పు చూపించి ఊరుకుంటాడు.

వాడు ఒక నల్ల పిచ్చుక కోసం తిరుగుతుంటాడు. దాన్ని కాల్చి ఆ బూడిద అమ్మాయి మీద చల్లితే వశమవుతుందని ఊళ్లో సైకిల్ షాపు చాంక్యా చెప్తాడు. ఆ వేషం వేసింది మంజులేనే. పిచ్చుక దొరకదు. దొరికేది పందులు. ఆకాశంలో ఎగిరే నల్లదాని కోసం చూస్తున్నవాణ్ణి బురదలో ఉరికే నల్లదాని వెంటపడమంటుంది ఊరు. రెండూ నలుపే గానీ ఒకటి వాడు కోరుకున్నది, రెండోది వాడికి కేటాయించింది.

ఊరి జాతరలో పల్లకి సాగే రాత్రి, కొత్త బట్టలేసుకుని డప్పుకు చిందెయ్యాలని వచ్చిన జాబ్యా నెత్తిన తండ్రి దీపం పెట్టిస్తాడు. పక్కన అందరూ ఆడుతుంటారు. వాళ్ల ఆటకు వెలుగు వీడు. వెలుగు మోసేవాడు చీకట్లో ఉండిపోయే సంగతి మన ఊళ్ల పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్సు లైట్లు మోసినవాళ్లందరికీ తెలుసు. సినిమా వెలుగుతో తీసే కళ. ఆ వెలుగును ఇంతకాలం మోసింది ఎవరు, అందులో కనబడింది ఎవరు అన్న ప్రశ్న ఈ ఒక్క దృశ్యంలో ఉంది.

ఇక చివరి అరగంట. బడి పక్కనే పందుల వేట. తండ్రి, తల్లి, అక్క, జాబ్యా అంతా పందుల వెంట ఉరుకుతుంటారు. ఊరివాళ్లు క్రికెట్ మ్యాచు చూసినట్టు వరసగా కూర్చుని చూస్తుంటారు. శాలు కూడా ఆ నవ్వేవాళ్లలో ఉంటుంది. జాబ్యా ఎవరికీ కనబడకుండా దాక్కోవాలని చూస్తాడు. కనబడకూడదనుకోవడం, కనబడక తప్పకపోవడం: ఈ రెంటి మధ్య నలిగిపోతాడు. అంటరానితనం అంటే తాకకపోవడం అని పుస్తకాలు చెప్తాయి. తాకరు, సరే. చూడటం మానరు గదా! తాకకుండా చూసి నవ్వడం కూడా అంటరానితనమేనని ఈ దృశ్యం చెప్పినంత బలంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

పంది చేతికి చిక్కే సమయానికి బడిలో జాతీయ గీతం మొదలవుతుంది. కుటుంబం అంతా ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడిపోతుంది. పంది మాత్రం నిలబడదు. అది దాని దారిన పోతుంది. హాల్లో కొందరు నవ్వుతారు, కొందరు లేచి నిలబడాలా వద్దా అని తికమకపడతారు. దేశం వీళ్ల నుంచి గౌరవం ఠంచనుగా వసూలు చేసుకుంటుంది. తిరిగి ఏమిచ్చింది? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగరు. నిలబడ్డ నాలుగు శరీరాలే అడుగుతాయి.

పట్టిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ కనబడుతుంది. గోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి, సాహు మహారాజ్, గాడ్గే బాబా బొమ్మలు. వాళ్ల ముందు నుంచే బరువు సాగిపోతుంది. ఇది మన మీద కూడా విసిరిన మాటే. బొమ్మలు గోడకెక్కాయి, కావడి భుజం దిగలేదు. జయంతులకు దండలేసి ఇంటికి పోయే మనకు కూడా ఈ దృశ్యం చురుక్కున తగలాలి.

ఇదంతా కేవలం సినిమా అనుకుందామంటే వీల్లేదు. 'ఫాండ్రీ' 2014 ఫిబ్రవరి 14న థియేటర్లకు వచ్చింది. సరిగ్గా రెండున్నర నెలలకు, ఏప్రిల్ 28న, అహ్మద్‌నగర్ జిల్లా ఖర్డాలో 17 ఏళ్ల దళిత విద్యార్థిని చంపేశారు. అతని మీద మోపిన నేరం పై కులం అమ్మాయితో మాట్లాడటం. జాబ్యా చూసిన చూపుకు బయట ఊళ్లో వేసే శిక్ష అది.

అందమైన ఫ్రేము ఎవరి సొత్తు?

'సైరాట్' 2016 ఏప్రిల్ 29న వచ్చింది. మరాఠీలో వంద కోట్లు దాటిన మొదటి సినిమా. చేపలు పట్టే ఇంటి పర్శ్యా, ఊరి పాటిల్ కూతురు ఆర్చీ ప్రేమ కథ. అజయ్-అతుల్ సంగీతం. కెమెరా పట్టింది మన తెలుగువాడు, సుధాకర్ రెడ్డి యక్కంటి. ఇందులో మొదటి సగం చూస్తే 'ఫాండ్రీ' తీసిన దర్శకుడేనా అనిపిస్తుంది. పచ్చటి చెరుకు తోటలు, పాత మెట్ల బావి, మందంగా కదిలే పరుగులు, పడవలు, పక్షులు, పాటలు. మనోళ్లలో కొందరు అప్పుడు పెదవి విరిచారు. ఇదంతా వ్యాపార సినిమా సరుకే గదా, దళిత సినిమాకు ఈ సోకులెందుకు అని.

నా ఉద్దేశంలో ఈ అభ్యంతరం పొరపాటు. దీని వెనక ఒక అలవాటు ఉంది. దళితుల జీవితం తెర మీద మసక వెలుగులో, దుమ్ములో, కన్నీళ్లలోనే ఉండాలన్న అలవాటు. సమాంతర సినిమా అని గౌరవంగా పిలుచుకున్నదంతా మనల్ని దాదాపు అట్లాగే చూసింది. బి. నర్సింగరావు 'దాసి' (1988) గొప్ప సినిమా, కాదనను. గడిలోని చీకటి గదుల్ని, కమలాక్షి మౌనాన్ని అంత ఓపికగా చూసిన కెమెరా తెలుగులో అరుదు. అది జాలి గల చూపు, నిజాయితీ గల చూపు. అయినా గడి లోపలి నుంచి చూసిన చూపే. దాసి కళ్లతో వెన్నెల చూడటం ఆ సినిమాకు సాధ్యం కాలేదు. బాధ మనది, వెన్నెల వాళ్లది అనే పంపకం అక్కడ కూడా చెక్కుచెదరలేదు.

మంజులే ఈ పంపకాన్ని ఒప్పుకోలేదు. పాటలూ, పచ్చదనమూ, మందంగా కదిలే పరుగూ ఇంతకాలం పై కులాల హీరోలకు రాసిచ్చిన ఆస్తి. దాన్ని తీసుకొచ్చి ఒక జాలరి కొడుకు పేర రాశాడు. పర్శ్యా బావిలో దూకితే ఆ దూకుడులో అందం ఉంది. అందులో తప్పేముంది? ప్రేమలో పడ్డ పేద పిల్లగాడికి లోకం అట్లాగే కనబడుతుంది. కులం వాడి కూడు లాక్కోవచ్చు, చూపులోని రంగును లాక్కోలేదని మొదటి సగం చెప్తుంది.

చూపులో ఇంకో తిరుగుబాటు కూడా ఉంది. ఆర్చీ బుల్లెట్ నడుపుతుంది, ట్రాక్టర్ నడుపుతుంది, తరగతిలో పర్శ్యాను తిన్నగా కళ్లలోకి చూస్తుంది. వాడు సిగ్గుపడి తల తిప్పుకుంటాడు. ఆడపిల్ల చూడటం, మగవాడు చూడబడటం మన సినిమాల్లో ఎన్నిసార్లు జరిగింది? అయితే ఇక్కడ ఒక మాట మరిచిపోకూడదు. ఆ చూపులోని ధైర్యం ఆడతనం ఇచ్చింది మాత్రమే కాదు, పాటిల్ ఇల్లు కూడా ఇచ్చింది. ఆమె తమ్ముడు ప్రిన్స్ తరగతిలో లోఖండే మాస్టారిని చెంప మీద కొడతాడు. చూపులోని ధైర్యమూ, చేతిలోని పొగరూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. హైదరాబాద్ చేరిన తర్వాత ఆ ఇంటి దన్ను పోతుంది. అప్పుడు మిగిలిన ధైర్యమే ఆర్చీ సొంతం. దాన్ని ఆమె ఎట్లా సంపాదించుకుంటుందనేది రెండో సగం.

అవును, హైదరాబాద్. పారిపోయిన ఆ జంట వచ్చింది మన ఊరికే. మురికివాడలో గది, దోసెల బండి, సీసాల ఫ్యాక్టరీలో పని, మెల్లమెల్లగా నేర్చుకునే తెలుగు. ఇక్కడికి వచ్చింతర్వాత సినిమా రూపమే మారిపోతుంది. పాటలు ఆగిపోతాయి. విశాలమైన ఆకాశం పోయి రేకుల గదులు, ఇరుకు సందులు వస్తాయి. రంగు వెలిసిపోతుంది. అన్నం, నీళ్లు, కక్కసు, అనుమానం, తగాదా, మళ్లీ కలవడం. ప్రేమ కథలు ఎక్కడ ముగుస్తాయో అక్కడ ఈ సినిమా మొదలవుతుంది. తెలుగు సినిమా పరిశ్రమకు రాజధాని అయిన ఈ నగరంలో, కులం నుంచి పారిపోయి వచ్చిన జంట ఎట్లా బతుకుతుందో చూపించడానికి షోలాపూర్ నుంచి ఒకాయన రావాల్సి వచ్చింది. ఇది మనకు గర్వమా, సిగ్గా?

చివరి దృశ్యం అందరికీ తెలిసిందే. బిడ్డ పుట్టింతర్వాత ఆర్చీ తల్లికి ఫోను చేస్తుంది. పుట్టింటివాళ్లు కానుకలు పట్టుకుని వస్తారు. చాయ్ తాగుతారు. పక్కింటామెతో బయటికి వెళ్లిన పసివాడు తిరిగి వచ్చేసరికి ఇద్దరూ రక్తపు మడుగులో ఉంటారు. పసివాడు ఏడుస్తూ బయటికి నడుస్తాడు. నేల మీద చిట్టి ఎర్రటి అడుగులు. ఆ ఏడుపు మనకు వినిపించదు. శబ్దం అంతా తీసేశారు. అజయ్-అతుల్ సంగీతంతో హోరెత్తిన సినిమా చిట్టచివర మూగబోతుంది. చంపడం మనకు చూపించలేదు. ఇది గమనించాలి. చంపడం చూపిస్తే అది కూడా ఒక తమాషా అవుతుంది, పందుల వేటలాగా. ఆ తమాషాను ఈయన మనకివ్వడు.

'సైరాట్' వచ్చిన రెండేళ్లకు, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట నరికి చంపారు. గర్భవతి అయిన భార్య పక్కనే ఉంది. చంపించింది ఆమె తండ్రే. ఆ హత్య సీసీ కెమెరాకు చిక్కింది. ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగింది. లక్షలమంది చూశారు. చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు, తండ్రిని మెచ్చుకుంటూ ఊరేగినవాళ్లూ ఉన్నారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మంజులే చంపడాన్ని ఎందుకు చూపించలేదో నాకు ఆ సీసీ కెమెరా బొమ్మలు చూసినప్పుడు సరిగా అర్థమైంది. చూడటం దానంతటది న్యాయం కాదు. ఎట్లా చూపిస్తామన్నదే అసలు విషయం.

హిందీలో దీన్నే 'ధడక్' (2018) పేరుతో తీశారు. కథ ఉదయ్‌పూర్‌కు పోయింది. చెరువులు, కోటలు, రంగురంగుల తలపాగాలు. అందం ఏమీ తగ్గలేదు, పైగా పెరిగింది. పోయింది కులం. ఊరి చివరి జాలరి ఇల్లు పోయింది, దాంతోపాటు ఆ ఇంటి నుంచి చూసే చూపు పోయింది. మిగిలింది పర్యాటకుడి చూపు. అందమైన ఫ్రేము అన్నది దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, దాని వెనక నిలబడింది ఎవరు అనేదే ప్రశ్న అని రుజువు చెయ్యడానికి ఈ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పిల్లలకు పాఠం చెప్పే మాస్టార్లు ఈ పని తప్పక చెయ్యాలి.

గోడ, గుంపు, ఒక పెద్ద స్టారు

'ఝుండ్' అంటే గుంపు. నాగపూర్‌లో మురికివాడ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన విజయ్ బార్సే జీవితం ఆధారం. కాలేజీకీ బస్తీకీ మధ్య ఒక గోడ. దాటరాదని దాని మీద రాసి ఉంటుంది. సినిమా అంతా ఆ గోడ చుట్టూ తిరుగుతుంది. పై నుంచి చూస్తే అటు పచ్చటి మైదానం, ఇటు రేకుల కప్పులు. 'ఫాండ్రీ'లో దూరంగా ఉన్న కులం ఇక్కడ ఇటుకల గోడగా కళ్లముందు నిలబడుతుంది.

ఇందులో రెండు దృశ్యాలు మనవి. ఒకటి అంబేద్కర్ జయంతి. డీజే, రంగులు, వీధి నిండా చిందులు, వెనక బాబాసాహెబ్ పెద్ద బొమ్మ. మన బస్తీల్లో ఏప్రిల్ 14 ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. హిందీ సినిమా గణేశ్ నిమజ్జనాన్ని ఎన్నిసార్లు పండగ చేసిందో లెక్కలేదు. మన పండగను పండగలాగా, చందాల గొడవతో సహా చూపించడం ఎంత అరుదో ఆ దృశ్యం చూసినప్పుడు గుండెకు తెలుస్తుంది. రెండోది, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని తమ సంగతి తాము చెప్పుకోవడం. గుంపు అన్న మాట అక్కడ విడిపోయి ముఖాలు ముఖాలుగా నిలబడుతుంది. ఆ ముఖాలు స్టూడియోలో తయారైనవి కావు. వీధుల్లోంచి వెతికి తెచ్చినవి. జాబ్యా వేసిన సోమ్‌నాథ్ అవ్‌ఘడే, ఆర్చీ వేసిన రింకూ రాజ్‌గురు కూడా అట్లా దొరికినవాళ్లే. ఇద్దరికీ జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఎవరి ముఖం తెరకు పనికొస్తుందన్న పాత తీర్పును కొట్టేసింది ఈ ఎంపికే.

అయితే ఒప్పుకోలేని సంగతులూ ఉన్నాయి. మెచ్చుకున్న చేత్తోనే వాటిని కూడా రాయాలి, లేకపోతే ఇది విమర్శ కాదు, భజన.

మొదటిది, 'ఝుండ్'లో అమితాబ్ బచ్చన్. ఆయన బాగా చేశాడు, అంబేద్కర్ బొమ్మ ముందు నిలబడ్డాడు. ఆ దృశ్యం విలువ నాకు తెలుసు. కానీ అంత పెద్ద స్టారు ఉన్న ఫ్రేములో పిల్లలు ఎంత వద్దన్నా చిన్నవాళ్లవుతారు. బయటి నుంచి పెద్దమనిషి వచ్చి పిల్లల్ని బాగుచేశాడన్న పాత కథ వాసన పోలేదు. చివర్లో కోర్టులో ఆ పిల్లల తరఫున మాట్లాడింది కూడా ఆయనే. 'ఫాండ్రీ'లో ఎవరూ రాలేదు. జాబ్యా రాయి జాబ్యానే తీశాడు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ సినిమాల్లో దళిత స్త్రీ చూపు ఎక్కడ? 'ఫాండ్రీ'లో శాలును జాబ్యా చూస్తాడు. జాబ్యాను ఊరు చూస్తుంది. అదే పందుల వెంట ఉరికిన తల్లి, అక్కలు దేన్ని చూశారు? మగపిల్లాడు సిగ్గుతో దాక్కునే వీలు ఉంది, అక్కకు ఆ వీలు కూడా లేదు. గేలి ఆమెనే ముందు తాకింది. ఆ గేలిని ఆమె కళ్లతో చూపిన షాటు కోసం వెతికితే దొరకదు. చూసే హక్కు దొరికిన ఆర్చీ పాటిల్ కూతురు. 'ఝుండ్'లో ఆదివాసీ అమ్మాయి మోనికా పాస్‌పోర్టు కోసం, తానెవరో రుజువు చేసే కాగితం కోసం తండ్రితో తిరుగుతుంది. అది గొప్ప ఘట్టం, కానీ పక్క కథే. మన ఉద్యమాల్లో దళిత స్త్రీలు ఎన్నేళ్లుగానో అడుగుతున్న ప్రశ్నను ఈ సినిమాల ముందు కూడా పెట్టాల్సిందే.

మన తెర సంగతి

తెలుగులో 'మాలపిల్ల' 1938లోనే వచ్చింది. ఆ కాలానికి సాహసమే. అందులో ప్రేమించింది బ్రాహ్మణ యువకుడు, ప్రేమించబడింది మాల అమ్మాయి. పై నుంచి కిందికి వచ్చిన ప్రేమకు తెలుగు తెర ఎనభై ఏళ్ల కిందటే హారతి పట్టింది. కింది నుంచి పైకి చూసిన ప్రేమకు ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం చాలాకాలం నోరు రాలేదు.

మనకు కథలు లేక కాదు. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఆ నెత్తుటి నుంచి ఒక తరం కవులు, కథకులు, పాటగాళ్లు లేచారు. 'చిక్కనవుతున్న పాట' లాంటి సంకలనాలు తెలుగు కవిత్వం ముఖమే మార్చేశాయి. పాటలో గెలిచాం, పద్యంలో గెలిచాం. తెర దగ్గర ఆగిపోయాం. కాగితం, కలం ఉంటే కవిత వస్తుంది. సినిమాకు పెట్టుబడి కావాలి, థియేటర్లు కావాలి. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో ఇక్కడ కొత్తగా చెప్పక్కర్లేదు. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' లాంటి ప్రయత్నాలు వచ్చాయి. తమిళంలో పా. రంజిత్, మారి సెల్వరాజ్ ఒక్కొక్కరు కాదు, ఒక వరసగా వచ్చారు. మరాఠీలో మంజులే వెనక ఫూలే నుంచి పాంథర్ల దాకా, అంబేద్కరీ జల్సా పాటల నుంచి దళిత ఆత్మకథల దాకా నూటయాభై ఏళ్ల భూమి ఉంది. ఆయన ఆ భూమి మీద నిలబడి రాయి విసిరాడు.

మనకూ ఆ భూమి ఉంది. లేనిది చూపును తయారుచేసుకునే పని. మనం సినిమా చూసి వచ్చి కథ బాగుందా, మాటలు బాగున్నాయా, మన కులం పేరు చెప్పాడా లేదా అనే మాట్లాడుకుంటాం. కెమెరా ఎక్కడ పెట్టాడు, ఎవరి గుమ్మం నుంచి చూశాడు, ఎవరి ముఖం మీద వెలుగు పడింది అని అడగం. ఆ ప్రశ్నలు హాస్టళ్లలో, సంఘాల్లో, తరగతి గదుల్లో మొదలవ్వాలి. ఫోనులో కెమెరా లేని కుర్రవాడు ఇప్పుడు లేడు. వాడికి 'ఫాండ్రీ' చూపించి, మన వాడకట్టును మన గుమ్మంలోంచి తియ్యమని చెప్పాలి. వాడి చెల్లెలి చేతికి కూడా ఆ ఫోను ఇవ్వాలి. ఆమె తీసేది మంజులే కూడా తియ్యని సినిమా అవుతుంది.

జాబ్యా రాయి తెరను నల్లగా చేసి పన్నెండేళ్లు దాటింది. ఆ నల్లటి తెర మీద తర్వాతి బొమ్మ మనం వెయ్యాలి.